తురాయీ రేలా మా వదినా

ఏవిటమ్మాయ్, ఆ రెండు సంచులూ మోసుకుంటూ ఆయాసపడుతూ వస్తున్నావు, కూరలా? ఆఁ? మొక్కలా! ఇలా తే, వెలుగులో పెట్టు. అక్కడ కాదు, ఆ స్టూలు జరిపి... ఊఁ. ఒక్కలాగే ఉన్నాయంటావా? ముందు నీకు కళ్లజోడు పెట్టించాలి మీ నాన్నతో చెప్పి. ఇదిగో, దీని ఆకు చూడు, పక్షి ఈకలా సన్నసన్నగా లేదూ? ఇది తురాయి. ఎర్రగా పూస్తుంది, వీధి చివరినుంచి కూడా కనబడేటట్టు. ఇక రెండోది, వెడల్పాటి ఆకు, జతలు జతలుగా ఎదురెదురుగా కూర్చున్నట్టు, ఇది రేల. పసుప్పచ్చటి పూలు గుత్తులుగా కిందికి వేలాడతాయి చూడూ, అది. మొక్కలమ్మేవాడు చెప్పలేదా? రెండూ పూలచెట్లే, ఏదైనా ఒకటేనమ్మా అన్నాడా? అబద్ధం ఏం చెప్పలేదులే పాపం. పులికీ పిల్లికీ కూడా మీసాలు ఒకటే. సరే, ముందు వాకిట్లో ఒక్కదానికే జాగా ఉంది, ఏది పెట్టమంటావు తాతయ్యా అని అడుగుతున్నావు. నన్ను! జన్మంతా ఇటుకా సిమెంటూ పట్టుకు తిరిగిన మేస్త్రీని పట్టుకుని చెట్ల సంగతి అడుగుతున్నావు. ఈ ప్రశ్న అడగాల్సిన మనిషి పోయి ముప్పై ఏళ్లు దాటింది. మా వదిన. నువ్వు పుట్టనే లేదు, మీ అమ్మ కూడా చూసి ఉండదు. కూర్చో. మంచినీళ్లు అక్కడ ఉన్నాయి, నువ్వే తాగు, నేను లేవలేను.

మా అన్నయ్య పెద్దాసుపత్రిలో తోటమాలి. మంచివాడే, కానీ మా వదిన ముందు ఆయన గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, ఏం చేస్తాం. ఆసుపత్రి గేటు కొత్తగా పెట్టినప్పుడు, లోపలికి రాగానే కుడిపక్క ఒకటి, ఎడంపక్క ఒకటి, రెండు మొక్కలు ఒకే పొద్దున పెట్టాడు. ఎడంపక్క తురాయి, కుడిపక్క రేల. రెండూ నా మోకాలంత ఉండేవి. పెట్టిన ఏడాదే ఆయనకి జ్వరం వచ్చింది, పది రోజుల్లో పోయాడు. ఆ ఉద్యోగం మా వదినకి ఇచ్చారు. ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదు, రోజుకూలీ మీద పెట్టుకుని, ఏడాది చూస్తాం, పని బాగుంటే పర్మినెంటు చేస్తాం అన్నారు. ఆవిడకేమో ఇద్దరు ఆడపిల్లలు, ఇల్లు చూస్తే అద్దె ఇల్లు. పర్మినెంటు అన్న మాట మీద ఆ సంసారం అంతా నిలబడి ఉంది అనుకో. చుట్టుపక్కలవాళ్లేమో, "ఆడమనిషి పార పట్టుకుంటే నడుం ఉంటుందా?" అనేవాళ్లు. ఈవిడ ఆ మాట విని, "పార పట్టుకుంటేనే నడుం ఉంటుంది, కబుర్లు పట్టుకుంటే ఉండదు," అని పోయేది. నోరు చిన్నది కాదులే. చదువూ లేదు, ఎవరూ నేర్పలేదు. మట్టిలోకి చూపుడువేలు రెండో కణుపుదాకా గుచ్చి చూసేది. తడి తగిలితే నీళ్లు పొయ్యదు, తగలకపోతే పోస్తుంది. అంతే ఆవిడ శాస్త్రం. మొక్కని చూడ్డానికి ఎవరన్నా వస్తే తల చూస్తారు, ఆకు బాగుందా పువ్వు బాగుందా అని. ఈవిడ మటుకు గొంతుక్కూచుని కాళ్లు చూసేది. "మనిషికైతే మొహం చూడు మరిదీ, చెట్టుకైతే పాదం చూడు," అనేది.

ఆ రెండింటి సంగతికి వస్తున్నా, తొందరపెట్టకు. తురాయి ఉందే, అది ఆడుకునే పిల్లలాంటిది. ఎంత పోస్తే అంత తాగుతుంది, ఎంత జాగా ఉంటే అంతా నాదే అంటుంది. ఏడాది తిరిగేసరికి నా తల దాటిపోయింది. కానీ వేళ్లు పైపైనే పాకుతాయి, పాములు పడుకున్నట్టు. గోడకి దగ్గరగా పెట్టావో గోడ నీది కాదిక. కొమ్మ పెళుసు, గాలికి ఫట్టున విరుగుతుంది, అందుకని చిన్నప్పుడే కింది కొమ్మలు కోసి గొడుగులా పైకి లేపుకోవాలి. ఆ చిన్నచిన్న ఆకులు రాలి కాలవలన్నీ మూసుకుపోతాయి, అది నాకు తెలుసు, ఆ ఆసుపత్రి కాలవలు ఎన్నిసార్లు తవ్వానో. ఇక రేల... అది మాట్లాడని పిల్ల. మూడేళ్లదాకా కర్ర పాతినట్టే ఉంటుంది. ఎందుకంటే పైకి పెరిగేముందు కిందికి పెరుగుతుందట. ఒకే వేరు, బావి తవ్వుతున్నట్టు నిలువునా దిగిపోతుంది. అలా దిగాక దాన్ని పీకి ఇంకోచోట పెడితే బతకడం కష్టం. రోజూ నీళ్లు పోస్తే చెడుతుంది, వారానికోసారి, నిదానంగా, లోపలికంటా దిగేలా పొయ్యాలి. కత్తెర దాని జోలికి పోకూడదు. ఇవన్నీ నాకు తెలిసినవి కావమ్మా, ఆవిడ గొంతు. ఎవరన్నా, "రెండిట్లో ఏది మంచిదమ్మా?" అంటే, "మీకు పని చెయ్యడం ఇష్టమా, ఊరుకోవడం ఇష్టమా? పని ఇష్టమైతే తురాయి, ఊరుకోవడం చేతనైతే రేల. ఊరుకోవడమే కష్టం సుమా," అనేది.

ఇప్పుడు జోడీ సారు. అసలు పేరు నాకెప్పుడూ నోరు తిరగలేదు, ఆసుపత్రి ఆఫీసు సూపరింటెండెంటు. ఏది చూసినా జోడీ కుదరాలి ఆయనకి. ఈపక్క బెంచీ ఉంటే ఆపక్క బెంచీ. ఈ కిటికీకి కర్టెన్ ఎక్కడిదాకా ఉంటే ఆ కిటికీకీ అక్కడిదాకానే. మీసం కూడా అద్దంలో చూసుకుని స్కేలు పెట్టి కత్తిరిస్తాడని నర్సులు నవ్వుకునేవాళ్లు. అలాంటి మనిషికి రోజూ గేట్లోంచి రాగానే ఎడంపక్క ఏపుగా చెట్టూ, కుడిపక్క పుల్లా కనబడితే ఎలా ఉంటుంది చెప్పు? కారు దిగగానే మొదలు. "ఏమ్మా తోటమ్మా, ఆ పుల్ల పీకేసి ఇంకో తురాయి పెట్టెయ్, రెండూ జోడీగా ఉంటాయి." మా వదిన, "అది పుల్ల కాదు సార్, చెట్టు, కింద పెరుగుతోంది." "కింద పెరిగేది నాకెందుకమ్మా, నేనేమన్నా పందికొక్కునా?" అప్పుడప్పుడు చతురోక్తి కూడా వేసేవాడు. చెడ్డవాడు కాదు. కానీ వారం వారం ఒత్తిడి పెరిగింది. నేను భయపడి చెప్పాను, "వదినా, ఏడాది ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. ఒక మొక్క కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా? అన్నయ్య పెట్టాడని..." అంటే, ఒక్క చూపు చూసింది. "మీ అన్నయ్య తురాయి కూడా పెట్టాడు. ఆయన పెట్టాడని కాదు. బతికున్నదాన్ని జతకి రాలేదని చంపమంటే నా చెయ్యి రాదు. తోటమాలికి ఆ చెయ్యి వచ్చిందంటే ఇంక ఆ తోటలో దేనికీ భద్రం లేదు." అలా అనేసి మళ్లీ వేలు గుచ్చి చూసుకుంటోంది.

ఇక్కడ నా ఘనకార్యం. వింటున్నావా? ఆ రోజుల్లో నేను అదే ఆసుపత్రిలో కొత్త వార్డు గోడ కడుతున్నాను. నాకు అది మొదటి పెద్ద పని, అంతకుముందు ఇళ్లకి రిపేర్లు చేసుకునేవాణ్ణి. మా వదిన వాళ్లమ్మకి ఒంట్లో బాగోలేదని నెలన్నర ఊరెళ్లాల్సొచ్చింది. వెళ్తూ వెళ్తూ నన్ను పిలిచి, "రేలకి వారానికోసారి రెండు బిందెలు, నిదానంగా. తురాయికి రోజు విడిచి రోజు. ఇంకేం చెయ్యొద్దు. మరిదీ, విన్నావా, ఇంకేం చెయ్యొద్దు," అని రెండుసార్లు చెప్పింది. నేను విన్నాను. విని ఏం చేశాను? నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. ఆ పుల్ల చుట్టూ ఒక అందమైన గట్టు కడితే, దానికో మర్యాద వస్తుంది కదా, జోడీ సారు పీకమనడానికి జంకుతాడు కదా అని. వదినకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను, ఒట్టు. ఆదివారం మిగిలిన ఇటుకలన్నీ ఏరి, గుండ్రంగా, జానెడెత్తు గట్టు లేపాను. లోపల మట్టి నింపి, పైన నున్నగా సిమెంటు పూత, సరిగ్గా మొదలుదాకా, కాండానికి ఉంగరం తొడిగినట్టు. మేస్త్రీ అన్నవాడు ఏది కట్టినా నీళ్లు నిలవకూడదు, అది మా చేతికి పుట్టుకతో వచ్చిన రోగం. గోడ మొదట్లో నీళ్లు నిలిస్తే గోడ పోతుంది. అందుకని చక్కగా వాటం ఇచ్చాను, నీళ్లన్నీ బయటికి జారిపోయేటట్టు. మట్టం పెట్టి మరీ చూసుకున్నాను. ఇక వదిన చెప్పినట్టు వారం వారం రెండు బిందెలు పోస్తున్నాను. పోసిన నీళ్లు పోసినట్టే జారి కాలవలోకి పోతుంటే చూసి మురిసిపోయేవాణ్ణి! చుక్క నిలిస్తే ఒట్టు! జోడీ సారు కూడా ఆగి చూసి, "భేష్ మేస్త్రీ, ఎడంపక్క కూడా ఇలాంటిదే కట్టెయ్," అన్నాడు. నవ్వు, నవ్వు. నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను. ఆకులు పసుపు రంగు తిరుగుతుంటే కూడా, ఎండలు కదా అనుకున్నాను.

నెలన్నరకి వదిన వచ్చింది. బస్సు దిగి తిన్నగా ఆసుపత్రికే, చేతిలో సంచి అలాగే ఉంది. గేట్లో నిలబడిపోయింది. నేను చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్లాను, మెచ్చుకుంటుందని. "మేస్త్రీ," అంది. మరిదీ అనలేదు చూడు, మేస్త్రీ అంది. "ఎవరిది ఈ సమాధి?" సంచి కింద పెట్టి, నా పనిముట్ల దగ్గరికెళ్లి సుత్తి తీసుకుంది. మొదటి దెబ్బ ఆవిడే వేసింది. రెండో దెబ్బకి సుత్తి నా చేతికిచ్చి, "నువ్వు కట్టావు, ఎక్కడ ఎంత గట్టిగా ఉందో నీకే తెలుసు, చెట్టుకి తగలకుండా కొట్టు," అంది. కొట్టాను. కట్టినదాన్ని కొట్టుకోవడం ఎలా ఉంటుందో నీకు తెలియదులే. ఆవిడ మోకాళ్ల మీద కూచుని వేళ్లతో ఆ మట్టంతా లాగేసింది, మొదలు కనబడేదాకా. మట్టి కప్పినచోట బెరడు మెత్తబడి నల్లగా అయింది, కిందేమో ఎండిపోయి దుమ్ములా ఉంది. పైన కుళ్లు, కింద కరువు. అరిచిందా? అరవలేదు. అరిస్తే బాగుణ్ణు. ఆ మట్టి అంచులు పైకి లేపి, లోపలికి పల్లంగా, పళ్లెంలా ఒక పాదు చేసింది. చేసి, "ఇదిగో, ఇది మా వాటం," అంది. "నీది నీళ్లని పంపిస్తుంది, మాది పిలుస్తుంది." బిందెతో కాదు, చెంబుతో పోసింది. ఒక చెంబు, అది ఇంకేదాకా ఊరుకోవడం. మళ్లీ ఒక చెంబు. మధ్యాహ్నం అయిపోయింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను, వెళ్లమనలేదు, కూచోమనలేదు.

ఇంకేముంది, మర్నాడు పొద్దున జోడీ సారు వచ్చాడు, గట్టు లేదు, ఇటుక ముక్కల కుప్ప ఉంది, మధ్యలో వాడిపోయిన పుల్ల. ఆయన మొహం చూడాలి. తిన్నగా వదినని పెద్ద డాక్టరమ్మ గదికి పిలిపించారు. ఆసుపత్రికంతా ఆవిడే పెద్ద, మాట తక్కువ, కళ్లజోడు పైనుంచి చూస్తుంది. వార్డు గోడ లెవెల్ గురించి అడగాలని నన్నూ అప్పుడే పిలిచారు, కాబట్టి నేనూ ఆ గదిలోనే, తలుపు పక్కన, చేతిలో టేపు చుట్టుకుంటూ. జోడీ సారు మొదలెట్టాడు, "మేడమ్, ఈమెకి ఏడాది ఈ వారంతో అయిపోతోంది. మనిషి కష్టపడుతుంది, కాదనను. చెప్పిన మాట విని ఆ పుల్ల తీసేసి ఇంకో తురాయి పెట్టేస్తే ఈరోజే పర్మినెంటు కాయితం మీద సంతకం పెట్టించేస్తాను. లేకపోతే మీ ఇష్టం." నేను వదిన వైపు కళ్లతోనే బతిమాలుతున్నాను, ఒప్పుకో ఒప్పుకో అని. పెద్ద డాక్టరమ్మ, "ఆ చెట్టు ఎప్పుడు పూస్తుంది?" అని అడిగింది. వచ్చే ఏడాది అని చెప్పెయ్ తల్లీ అని నా లోపల. ఎవరు చూడొచ్చారు? మా వదిన చెప్పిందీ, "ఆరేళ్లు పట్టచ్చు. ఇప్పుడు దెబ్బ తింది కాబట్టి ఏడు. తురాయి ఇంకో మూడేళ్లలో పూస్తుంది, మీరు పొమ్మన్నా పూస్తుంది." డాక్టరమ్మ, "ఎందుకు దెబ్బ తింది?" అంది.

ఆ ప్రశ్న... ఆ ప్రశ్న నాది. నేను జవాబు చెప్పాల్సింది. చేతిలో టేపు సగం చుట్టాను, అలాగే ఉంది. కొత్త వార్డు గోడ ఇంకా నడుమెత్తు కూడా లేవలేదు, ఆ తర్వాత మందుల గది, వంటిల్లు, అన్నీ నాకే ఇస్తామని నోటి మాటగా అనుకున్నారు. చెట్టుని చంపినంత పని చేసింది నేనే అని చెబితే... మా వదిన నా వైపు కూడా చూడలేదు. చూస్తే నేను చెప్పేవాణ్ణేమో. అందుకే చూడలేదేమో కూడా. "నా తప్పేనండీ," అంది. "ఏం చెయ్యాలో చెప్పి వెళ్లాను కానీ, ఎందుకు చెయ్యాలో చెప్పలేదు. నీళ్లు పొయ్యమన్నాను, ఆ నీళ్లు ఎటు పోవాలో చెప్పలేదు. అది తోటమాలి చెప్పాల్సిన మాట." డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మా వార్డుల్లో కూడా రోగాలు ఇలాగే ముదురుతాయి," అంది, ఎవరితో అందో తెలీదు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని చెప్పిందీ, చెట్టు ఉంటుంది. కానీ చెట్టు పూసేదాకా తోటమ్మ రోజుకూలీయే. పూసిన రోజు తన దగ్గరికి రమ్మంది. జోడీ సారు ఇష్టం లేకపోయినా కాయితం మీద రాశాడు. మా వదిన, "అలాగేనండీ," అంది. ఏడేళ్లమ్మాయ్! ఒక్క మాట ఒప్పుకుంటే ఆ మధ్యాహ్నానికే చేతికి రావాల్సినదాన్ని ఏడేళ్లు వెనక్కి నెట్టి, "అలాగేనండీ," అని పార తీసుకుని వెళ్లిపోయింది. నేను గోడ లెవెల్ గురించి ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

ఆ ఏడేళ్లూ ఆవిడని చూసినవాళ్లని అడగాలి. రోజుకూలీ అంటే వాన పడితే పని లేదు, పని లేకపోతే లెక్కలోకి రాదు. ఈవిడ వాన పడిన రోజున కూడా గోనెసంచి నెత్తిన వేసుకుని వచ్చేది. ఎందుకొచ్చావు వదినా అంటే, "నీళ్లు ఎటు పోతున్నాయో వానలోనే కదా తెలిసేది," అనేది. పెద్దపిల్లకి కుట్టుపని నేర్పించింది, చిన్నపిల్లని నర్సు చదువులో పెట్టింది, ఎలా పెట్టిందో నాకు తెలీదు, అడిగితే చెప్పేది కాదు. మూడేళ్లకి తురాయి పూసింది. అబ్బ, ఆ పూత! రోగులు మంచాలు కిటికీ వైపు జరిపించుకునేవాళ్లు. ఈవిడ ఆ తురాయిని తక్కువ చేసిందేమో అనుకుంటావు, ఊహూఁ. గాలివానకి ఒక కొమ్మ చీలిపోతే, నిచ్చెనెక్కి తనే రంపంతో నున్నగా కోసింది, చీలిక కిందికి దిగకుండా. "ఇది తొందరపడే రకం, దీన్ని తిట్టి లాభం లేదు, కోసుకుంటూ పోవాలి," అంటూనే ఆ మొదలు నిమిరేది. ఇక నా సంగతి. కొత్త పని ఏది మొదలుపెట్టినా ముందు ఆవిడ వచ్చేది, తాడు పట్టుకుని. చెట్టుకి ఒక కొస కట్టి, నడిచి, నేల మీద పెద్ద సున్నా గీసేది. "ఈ గీత దాటి నీ తాపీ రాకూడదు." నేను గొణిగేవాణ్ణి, "వదినా, గోడ తిన్నగా పోవాలి." "గోడకేం, వంకరగా అయినా బతుకుతుంది." ఇప్పటికీ వెళ్లి చూడు, ఆ ఆసుపత్రి ప్రహరీగోడ తురాయి దగ్గరికి రాగానే ఒక మలుపు తిరిగి మళ్లీ తిన్నగా పోతుంది. చూసినవాళ్లు మేస్త్రీ తాగి కట్టాడు అనుకుంటారు. అనుకోనీ. మందుల గది చుట్టూ గచ్చు వేసినప్పుడు చెట్ల దగ్గర గచ్చు ఆపేసి మట్టి వదిలాను, ఎవరూ చెప్పకుండానే. ఆవిడ చూసింది, ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే బాగుందని.

ఏడో ఏడు రేలకి ఆకంతా రాలిపోయింది. జోడీ సారు అప్పటికి బదిలీ అయిపోయాడు, వచ్చిన కొత్తాయన పోయిందమ్మా చెట్టు అన్నాడు. ఈవిడ నవ్వి ఊరుకుంది. పది పదిహేను రోజులకి ఒకరోజు పొద్దున నేను ఇటుకలు దింపుతుంటే నర్సమ్మలు అందరూ గేటు దగ్గర. వెళ్లి చూస్తే... ఎలా చెప్పను. ఒక్క ఆకు లేదు. చెట్టు నిండా గుత్తులే, దీపాలు వేలాడేసినట్టు, కిందికి, కిందికి. తురాయిలా కేకెయ్యదది. నిలబెట్టేస్తుంది మనిషిని. పెద్ద డాక్టరమ్మ, అప్పటికి జుట్టంతా తెల్లబడింది, ఆవిడే మెట్లు దిగి వచ్చింది. చెట్టుని చూడలేదు ముందు, వదినని చూసింది. "కాయితం తెమ్మన్నాను," అంది, అంతే. మధ్యాహ్నానికల్లా పర్మినెంటు. కూతుళ్లు పరిగెత్తుకొచ్చారు. అందరూ వెళ్లిపోయాక నేను వెళ్లాను. వదిన కింద రాలిన రేకలు చీపురుతో పాదులోకే తోస్తోంది. ఏడేళ్లు కడుపులో పెట్టుకున్నది అప్పుడు చెప్పాను. "వదినా, ఆ రోజు ఆ గదిలో నోరు విప్పాల్సింది నేను. నేను చెప్పి ఉంటే..." తల ఎత్తలేదు, చీపురు ఆపలేదు. "చెప్పి ఉంటే నిన్ను పంపించేసేవాళ్లు. ఇంకో మేస్త్రీని తెచ్చేవాళ్లు. వాడూ నీలాగే గట్టు కట్టేవాడు. నేను మళ్లీ ఇంకో చెట్టు పెట్టి వాడికి నేర్పాలి. ఒక్కడికి నేర్పేసరికే నాకు ఏడేళ్లు పట్టింది," అంది. నేను నవ్వాను. అప్పుడు తలెత్తి చూసింది. నవ్వడంలేదు ఆవిడ. "కానీ చెప్పి ఉండాల్సింది, మరిదీ," అంది. అని మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆవిడ ఇరవై ఏళ్లు బతికింది, ఆ మాట ఇంకెప్పుడూ...

ఊఁ? ఏం లేదు. ఏం లేదులే. ఆ కిటికీ రెక్క కాస్త దగ్గరగా వెయ్యి అమ్మాయ్, ఎండ కళ్లలో పడుతోంది.